యంత్రమునకు కాపరి యెవరు?

మన పల్లెలలో బండి తోలు రైతునకు కందెన అను మాట తెలియనిది కాదు. ఆముదములో మసి కలిపి ఇరుసునకు పూసిన తరువాతనే బండి కదలెడిది. త్రోవలో చక్రము కిర్రుమన్నచో అతడు ఎద్దులను నిలిపి, దిగి చూచెడివాడు. ఏ చప్పుడు మంచిదో, ఏ చప్పుడు కీడునకు సూచనయో అతనికి ఎవరును పుస్తకము వ్రాసి యియ్యలేదు. బండిని నడపువాడును, దానిని కాపాడువాడును ఒక్కడే యగుటచేత ఆ జ్ఞానము అతని చెవిలోనే యుండెడిది.

కర్మాగారములు ఏర్పడిన తరువాత ఈ రెండు పనులును వేరుపడినవి. యంత్రమును నడపువాడు ఒకడు. అది చెడినపుడు బాగుచేయువాడు వేరొకడు. నడపువానికి మరమ్మతు తెలియనక్కరలేదనియు, మరమ్మతు చేయువాడు ప్రతిదినము యంత్రము చెంత నుండనక్కరలేదనియు యజమానులు భావించిరి. నేడు వీరిద్దరికి తోడు మూడవ కాపరి వచ్చి చేరినది. అది సెన్సరు అను చిన్న పరికరము. యంత్రమునకు దానిని తగిలించినచో రాత్రింబవళ్లు కంపమును, వేడిమిని కనిపెట్టి కంప్యూటరునకు తెలుపుచుండును.

ఈ ముగ్గురిలో యంత్రమునకు నిజమైన కాపరి యెవరు? ఈ ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినది కాదు. కర్మాగారపు గోడ కావల కాపురముండు కుటుంబములకు సయితము ఇది ప్రాణములతో ముడివడిన ప్రశ్న.

మరమ్మతున మూడు పద్ధతులు

యంత్రములను కాపాడు పద్ధతులు స్థూలముగా మూడు. మొదటిది, చెడువరకు నడపి చెడిన పిమ్మట బాగుచేయుట. ఇది చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట వంటిదే. అయినను దీనిని అన్నిచోట్ల నిందింపరాదు. ఇంటిలోని దీపపు బల్బును మాడిపోయిన తరువాతనే మార్చుదుము గాని, నెలకొకసారి విప్పి పరీక్షింపము. చెడినను నష్టము స్వల్పమగు చోట ఇదియే చౌక. బాయిలరునకు గాని, విషవాయువు పారు గొట్టమునకు గాని ఈ పద్ధతి పనికిరాదు.

రెండవది, గడువు ప్రకారము విప్పి చూచుట. ఇన్ని గంటలు నడచిన తరువాత ఈ భాగమును మార్చవలెను, ఇన్ని నెలలకు నూనె మార్చవలెను అని పట్టిక వేసికొని చేయు పని ఇది. వినుటకు ఇంతకన్న యుక్తమైన మార్గము లేదనిపించును. కాని రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు వైమానిక దళములో ఒక విచిత్రము బయటపడెను. శత్రువుల జలాంతర్గాములను వెదకు విమానములకు ప్రతి 50 గంటల ప్రయాణమునకు ఒకసారి తనిఖీ జరిగెడిది. వాడింగ్టన్ అను జీవశాస్త్రవేత్తయు, ఆయన సహచరులును ఆ విమానముల మరమ్మతుల లెక్కలను వరుసగా పేర్చి చూచిరి. తనిఖీ జరిగిన వెంటనే అనుకోని మరమ్మతులు అధికమగుచున్నవి. గంటలు గడచిన కొలది తగ్గుచున్నవి! బాగుగా నడచుచున్న దానిని అనవసరముగా విప్పి బిగించుటయే కొన్ని చెడుగులకు కారణమని తేలెను. ఈ పరిశోధనల వృత్తాంతము 1973లో గ్రంథరూపమున వెలువడినది.

అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్సు విమానసంస్థకు చెందిన నౌలాన్, హీప్ అను ఇరువురు 1978లో ప్రకటించిన నివేదిక ఈ విషయమునే అంకెలతో స్థిరపరచెను. వారు పరిశీలించిన విమానభాగములలో, వయస్సు పెరిగిన కొలది చెడిపోవు స్వభావము గలవి 11 శాతము మాత్రమే. మిగిలిన 89 శాతము భాగములకు గడువు విధించి మార్చుటవలన లాభము కనబడలేదు. 68 శాతము భాగములలో చెడు అవకాశము క్రొత్తగా అమర్చిన తొలిదినములలోనే హెచ్చుగా నుండి, పిమ్మట తగ్గి నిలకడ చెందెను. ఈ అంకెలు విమానములకు చెందినవే యైనను, గడువు పట్టికను గ్రుడ్డిగా నమ్మరాదను పాఠము అన్ని యంత్రములకును వర్తించును. ఒకే కర్మాగారములో, ఒకే దినమున తయారైన బేరింగులను ఒకే బరువు క్రింద త్రిప్పినను, ఒకటి త్వరలోనే పాడగును. మరియొకటి దానికి అనేక రెట్లు కాలము మన్నును.

అందువలన మూడవ పద్ధతి పుట్టినది. గడువును కాక యంత్రపు స్థితిని చూచి పని చేయుట దీని సారము. వైద్యుడు రోగి వయస్సు నడిగి ఊరకుండడు. నాడి పట్టి చూచును. అటులే యంత్రపు నాడిని పట్టవలెను.

యంత్రపు నాడి

యంత్రము తన బాధను మూడు విధముల వెల్లడించును. అవి కంపము, వేడిమి, నూనె.

కంపమును తీసికొందము. నిమిషమునకు 1500 సార్లు తిరుగు షాఫ్టు సెకనునకు 25 సార్లు తిరుగును. దానికి తగిలించిన చక్రము ఒకవైపు బరువెక్కినచో, సెకనునకు 25 సార్లు ఒక తోపు పుట్టును. ఆ షాఫ్టును మోయు బేరింగులో 8 ఉక్కు గుండ్లున్నవనుకొందము. వెలుపలి వలయమున చిన్న గుంట పడినచో, ప్రతి గుండును దాని మీదుగా పోవునపుడెల్ల ఒక సూక్ష్మమైన దెబ్బ తగులును. ఇట్టి దెబ్బలు సెకనునకు సుమారు 80 ఉండును. లోపలి వలయమున గుంట పడినచో ఈ సంఖ్య వేరు. గుండే చిట్లినచో మరియు వేరు. కంపమును ఇట్లు విడదీసి చూపు పరికరము, బేరింగు పూర్తిగా పాడగుటకు ఎంతో ముందే, ఏ భాగమున లోపమున్నదో తెలుపగలదు.

విద్యుత్తీగ బిగువు సడలిన చోట వేడి పుట్టును. పరారుణ కిరణములను గ్రహించు కెమెరాతో చూచినచో ఆ చోటు వెలుగుచున్నట్లు కనబడును. ఇక నూనె మనిషికి రక్తము వంటిది. అందులో ఇనుప రేణువులు పెరిగినచో పండ్ల చక్రము అరుగుచున్నదనియు, రాగి పెరిగినచో కంచు బుషింగు అరుగుచున్నదనియు ఊహింపవచ్చును. 1940 దశకములోనే అమెరికా రైల్వేలు డీసెలు ఇంజనుల నూనెను ఈ రీతిగా పరీక్షింప నారంభించినవి.

ఇవి గొప్ప సాధనములు. సందేహము లేదు. కాని పరికరము తాను అమర్చబడిన చోటును, తనకు నేర్పిన కొలతను మాత్రమే చూచును. పంపు ప్రక్కన నేలపై నూనె చుక్కలు పడుట, క్రొత్త వాసన వచ్చుట, నిన్నటికన్న నేడు ముడిసరకు తడిగా నుండుట — ఇవి దాని లెక్కలోనికి రావు. యంత్రము చెంత ఎనిమిది గంటలు నిలుచు మనిషికి ఇవి మొదట తెలియును. అతడు చెప్పు మార్గమున్నదా, చెప్పినచో వినువారున్నారా యనునదియే అసలు సమస్య.

మగ్గము నేర్పిన పాఠము

ఈ సమస్యకు ఒక సమాధానము నేతమగ్గము నుండి వచ్చినది. జపానులో సకిచి టొయోడా అను ఆయన ఒక వడ్రంగి కుమారుడు. మరమగ్గమున పడుగుపోగు తెగినను యంత్రము ఊరకనే నేయుచుండును. గజములకొలది గుడ్డ చెడును. అందువలన మగ్గమును కనిపెట్టుకొని ఒక మనిషి నిలువవలసి వచ్చెడిది. 1924లో టొయోడా పూర్తిచేసిన మగ్గము, పోగు తెగిన తక్షణమే తనంతట తాను ఆగును. కనుక ఒక్కరు అనేక మగ్గములను చూచుకొనగలిగిరి. ఇంగ్లండునందలి ప్లాట్ బ్రదర్స్ సంస్థ 1929లో దాని పేటెంటు హక్కులను కొనెను.

ఈ తత్త్వమునకు జపానువారు పెట్టిన పేరు జిదోకా. స్వయంచలనమను అర్థము గల జపాను మాటలో కదలికను తెలుపు అక్షరమొకటి యున్నది. టొయోటా వారు ఆ అక్షరమునకు ప్రక్కన మనిషిని సూచించు గుర్తును చేర్చి వ్రాసిరి. యంత్రము తానే నడచిన చాలదు. లోపము కలిగినపుడు ఆగి, మనిషిని పిలువగల వివేకము దానికుండవలెనని భావము. తరువాత వారి మోటారుకార్ల కర్మాగారములలో ఈ భావము మరియొక రూపము దాల్చెను. పనివాని తలపై ఒక త్రాడు వ్రేలాడుచుండును. తప్పు కనబడినపుడు అతడు దానిని లాగును. దీపము వెలుగును, పెద్దపనివాడు పరుగున వచ్చును. సకాలమున సరిపడనిచో వరుస యంతయు ఆగును. లక్షల రూపాయల విలువగల ఉత్పత్తిని ఆపు అధికారము, అందరికన్న క్రింది మెట్టున నున్నవాని చేతిలో నుంచబడినది.

1960 దశకములో యంత్రములు స్వయంచలితములైన కొలది మరమ్మతు శాఖవారు చాలకుండిరి. మోటారు కార్లకు విద్యుత్ పరికరములు చేయు నిప్పన్ డెన్సో కర్మాగారము అప్పుడు ఒక మార్పు తెచ్చెను. శుభ్రపరచుట, నూనె వేయుట, మరలు బిగించుట, ప్రతిదిన పరీక్ష — ఈ పనులను యంత్రము నడపువారికే నేర్పిరి. కష్టమైన మరమ్మతులకును, యంత్రపు రూపమును మెరుగుపరచుటకును మెకానిక్కులకు తీరిక చిక్కెను. 1971లో ఆ సంస్థకు దీనికై బహుమతి లభించెను. సెయిచి నకజిమా అను ఆయన ఈ పద్ధతిని క్రమబద్ధము చేసి ప్రపంచమునకు పరిచయము చేసెను. అందరును పాల్గొను యంత్రరక్షణ యని దీనిని చెప్పుకొనవచ్చును.

ఇందులో మొదటి మెట్టు శుభ్రపరచుట. అది తక్కువ పని యని తోచవచ్చును. దసరా పండుగకు ఆయుధపూజ చేయువారికి దీని మర్మము సులభముగా తెలియును. ఆనాడు యంత్రమును తుడిచి, కడిగి, పసుపు కుంకుమలు పెట్టుదురు. ఏడాది పొడవునను జిడ్డు క్రింద దాగిన పగులు ఆ తుడుపులో బయటపడును. వదులైన నట్టు చేతికి తగులును. తుడుచుటయే పరీక్షించుట. సంవత్సరమున కొక్కనాడు భక్తితో చేయు పనిని ప్రతిదినము బుద్ధితో చేయుమని ఈ పద్ధతి చెప్పుచున్నది.

కనబడిన ప్రతి లోపమునకు ఒక చీటీ కట్టుదురు. బాగైన తరువాత దానిని విప్పుదురు. గేజి అద్దముపై మంచి కొలత గల మేర పచ్చరంగు పూయుదురు. బిగించిన నట్టు మీదుగా బోల్టుకు గీత గీయుదురు. గీత తప్పినచో నట్టు కదలినదని చూపునకే తెలియును. వీని ఖర్చు అత్యల్పము. కాని చదువు తక్కువ గల పనివాడును యంత్రపు స్థితిని ఒక్క చూపులో గ్రహింపగలడు. మనిషికి అనుకూలమైన సాంకేతికత యనగా ఇదియే.

మనిషిని మరచినచో

మనిషిని మరచి కట్టిన యంత్రాంగము ఎట్లుండునో 1979 మార్చి 28వ తేదీ తెల్లవారుజామున అమెరికాలోని త్రీమైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రమున కనబడెను. ప్రధానమైన నీటిపంపులు ఆగెను. అత్యవసర పంపులు తిరుగనారంభించెను గాని, అంతకు ముందు ఒక పరీక్ష కొరకు మూసిన రెండు వాల్వులు తిరిగి తెరువబడలేదు. ఆ సంగతిని చూపు దీపములలో ఒకటి, మరమ్మతు కొరకు వ్రేలాడదీసిన చీటీ చాటున మరుగుపడెను. మరియొక వాల్వు తెరచుకొని అట్లే నిలిచిపోయెను. కాని దాని దీపము, వాల్వు నిజముగా మూసికొన్నదా యని కాక, మూసికొనుమని విద్యుత్ ఆజ్ఞ వెళ్లినదా యని మాత్రమే చూపుచుండెను. తొలి కొద్ది నిమిషములలోనే నూరునకు పైగా అలారములు మ్రోగెను. ఏది ముఖ్యమో ఏది కాదో తెలియక నడపువారు తికమకపడిరి. అణు ఇంధనము కొంత కరగెను. పరికరములు తక్కువై కాదు, అవి మనిషితో మాటాడు తీరు తప్పై ఈ కీడు కలిగెను.

లిజాన్ బేన్‌బ్రిడ్జ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞురాలు 1983లో ఒక ప్రసిద్ధ వ్యాసమున దీనిలోని వైపరీత్యమును వివరించినది. తేలిక పనులన్నిటిని యంత్రమునకు అప్పగించి, యంత్రమునకు చేతకాని కష్టకాలమును మనిషికి వదలుచున్నాము. దినదినము చేయని పనియందు అతని నేర్పు తుప్పు పట్టును. తీరా ఆపద వచ్చినపుడు, ఎన్నడును చేయని పనిని తక్షణమే చేయుమని అతనిని కోరుచున్నాము.

మన ముంగిటనే జరిగిన దుర్ఘటన మరచుటకు వీలు కానిది. 2020 మే 7వ తేదీ తెల్లవారకముందే విశాఖపట్టణము చెంత వేంకటాపురమునందలి పాలిమర్ కర్మాగారము నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రలో నున్న జనులపై కమ్మెను. 12 మంది మరణించిరి. ఆ రోజులలో కోవిడ్ కారణముగా కర్మాగారము మూతపడి యుండెను. స్టైరీన్ వేడెక్కినచో తనలో తాను కలిసికొని గట్టిపడును. ఆ క్రియలో మరింత వేడి పుట్టును. అందువలన దానిని ఎల్లప్పుడు చల్లగా నుంచవలెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘపు విచారణలో అనేక లోపములు బయటపడినవి. అందులో ఒకటి, తొట్టిలోని వేడిమిని అడుగుభాగముననే కొలచుచుండుట. మీది పొరలు కాగుచున్నను క్రింది కొలత అభయమిచ్చుచుండెను. ప్రమాదసూచిక మ్రోగించు మీటలు 36 చోట్ల నున్నను, ఆనాడు సైరను మ్రోగలేదు. పరికరము తప్పుచోట నుండుటయు, మనిషి చేయి మీటపై పడకుండుటయు రెండును ఒకే రాత్రి కలిసినవి.

రెండింటిని కలుపుట యెట్లు?

ఈ ఉదాహరణములనుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి.

మొదటిది: సెన్సరు ఎచ్చట అమర్చవలెనో నిర్ణయించునపుడు, యంత్రమును నడపువారిని, బాగుచేయువారిని ముందుగా అడుగవలెను. ఏ చోట వేడెక్కునో, ఏ చోట చప్పుడు మారునో వారికి తెలిసినంత రూపశిల్పికి తెలియదు. కంప్యూటరు చూపిన హెచ్చరిక నిజమో కాదో తేల్చినవారు, దానిని మరల ఆ లెక్కలో వ్రాయగలుగు వీలుండవలెను. అపుడే పరికరమునకు బుద్ధి పెరుగును.

రెండవది: హెచ్చరికలు కొద్దిగా నుండవలెను, ప్రతి హెచ్చరికకును ఎవరు ఏమి చేయవలెనో ముందే తేలియుండవలెను. తోడేలు వచ్చెనని దినమునకు నూరుసార్లు అరచు కాపరిని నిజమైన తోడేలు వచ్చిననాడు ఎవరును నమ్మరు.

మూడవది: మరమ్మతు చేయువాని ప్రాణమునకు రక్ష యుండవలెను. యంత్రమును విప్పునపుడు దాని విద్యుత్తును తొలగించి, పనిలోనికి దిగు ప్రతివాడును స్విచ్చునకు తన తాళము తాను వేసి, తాళపుచెవి తన జేబులోనే యుంచుకొను ఆచారము గలదు. ముగ్గురు లోపల నున్నచో మూడు తాళములు. చివరివాడు బయటకు వచ్చి తన తాళము తీయునంతవరకు ఆ యంత్రము కదలదు. ఏ కంప్యూటరు హామీకన్నను ఈ చిన్న తాళము మిన్న.

నాల్గవది: నేర్పుటకు కాలమును, చేసిన పనికి గుర్తింపును ఇయ్యవలెను. ఉత్పత్తి లెక్క తగ్గకుండ, అదే షిఫ్టులో, అదే జీతమునకు తుడుపును, తనిఖీని కూడ పనివాని నెత్తిన పెట్టినచో అది భాగస్వామ్యము కాదు, బరువు. ఇటులే యంత్రపు కంపమును కొలచు పరికరముతో పనివాడు ఎన్ని నిమిషములు ప్రక్కకు పోయెనో లెక్కించుట కారంభించినచో, అతడు ఆ పరికరమును నమ్మడు. దానికి నిజము చెప్పడు. లోపమును తెలిపినవానిని దోషిగా చూచు చోట లోపములు కనబడవు గాని, తొలగిపోవు.

యంత్రము మనిషి నేర్పును మ్రింగరాదు, దానికి చేయూత కావలెనని మైక్ కూలీ అను ఐరిషు ఇంజనీరు 1980 నాటి తన గ్రంథమున గట్టిగా వాదించెను. ఆనాడు అది కొందరి మాటగా నుండెను. 2021లో యూరోపియన్ కమిషన్ పరిశ్రమల భవిష్యత్తును గూర్చి ప్రకటించిన పత్రమున, మానవుడే కేంద్రముగా నుండుట మూడు ముఖ్యలక్షణములలో ఒకటిగా చేర్చబడినది. మన దేశమునను 1984 నాటి భోపాలు దుర్ఘటన తరువాత, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమును 1987లో సవరించి, అపాయకరమైన పనులు జరుగు కర్మాగారములలో పనివారు రాబోవు ప్రమాదమును గూర్చి అధికారులను హెచ్చరించు హక్కును, రక్షణ సంఘములలో పాల్గొను ఏర్పాటును అందు చేర్చిరి. వేలమంది ప్రాణములు పోయిన తరువాత వచ్చిన వెల గల హక్కు అది.

కాపరి యెవరను ప్రశ్నకు సమాధానము ఈ ముగ్గురిలో ఏ ఒక్కరును కారనియే. పరికరమునకు నిద్ర లేదు. కాని బాధ్యత తెలియదు. మెకానిక్కునకు శాస్త్రము తెలియును. కాని అతడు అన్నివేళల చెంత నుండడు. నడపువాడు చెంత నుండును. కాని అతని మాటకు విలువ లేనిచో మిన్నకుండును. ముగ్గురి చూపును ఒకచోట చేర్చి, "ఆపుము" అను మాటను చెప్పు అధికారమును అందరికన్న ముందుగా ఆపదను చూడగలవాని చేతిలో నుంచుటయే యంత్రరక్షణ. ఒక కర్మాగారమును చూడబోయినవారు అందున్న పరికరముల వెల నడుగుటకు ముందు, "ఇచ్చట పని ఆపగలవాడు ఎవడు? అతడు కడపటిసారి ఆపినపుడు అతనికి ఏమి జరిగినది?" అని అడుగవలెను. ఆ సమాధానమును బట్టియే గోడ కావలి యిండ్లలో రాత్రి నిద్ర ఎంత నిబ్బరమైనదో చెప్పవచ్చును.